తరలిపోయిన వేధశాలలు - తరలిపోలేని మన ఊరు

పెళ్ళిపీటల మీదినుండి లేచిన వధూవరులను పురోహితుడు వాకిట్లోకి తీసికొని వచ్చి, ఉత్తర దిక్కుగా చేయి చూపి అరుంధతీ దర్శనం చేసుకొమ్మంటాడు. సప్తర్షి మండలంలో వసిష్ఠుని చెంత మినుకుమనే ఆ చిన్న చుక్క దాంపత్య ధర్మానికి ప్రతీక. అయితే నేటి పెళ్ళిపందిళ్ళలో రంగురంగుల విద్యుద్దీపాలు ఆకాశాన్ని ముంచెత్తుతున్నాయి. పురోహితుడు చూపుతాడు, దంపతులు చూచినట్లు తలలు ఊపుతారు. చుక్క మాత్రం ఎవరి కంటా పడదు. కనబడలేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

అరుంధతి నాల్గవ తరగతి ప్రకాశం గల నక్షత్రం. చీకటి నిండిన ఆకాశంలో ఆరోగ్యవంతమైన కంటికి ఆరవ తరగతి నక్షత్రాలు కూడా కనిపిస్తాయి. మహానగరం నడిబొడ్డున మూడవ తరగతి దాటిన చుక్కలను పట్టుకొనడం కష్టం. అంటే మన పూర్వులు నిత్యం చూచిన అరుంధతి నేటి నగరవాసికి పేరుగా మాత్రమే మిగిలింది. ఈ నష్టం ఎలా సంభవించిందో తెలుసుకొనడానికి తెలుగునాట వెలసిన వేధశాలల చరిత్ర చక్కని ఆధారం. ఆ చరిత్రలో మన ప్రాంతానికి కూడా కొంత సంబంధం ఉంది.

విశాఖలో తొలి వెలుగు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గుణుపురం, రాయగడ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లా ఏజెన్సీలో భాగం. అటుపిమ్మట అవి కోరాపుట్ జిల్లాలో చేరాయి. 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా వేరుపడింది. కనుక పందొమ్మిదవ శతాబ్దంలో మన పెద్దలకు జిల్లా కేంద్రం విశాఖపట్టణమే. ఆ పట్టణంలోనే 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు స్వంత ధనంతో ఒక వేధశాలను నెలకొల్పారు. ఆయన మద్రాసు వేధశాల అధిపతి టి.జి. టేలర్ వద్ద ఖగోళ గణితాన్ని అభ్యసించిన విద్వాంసుడు. ఇరవై మూడేండ్ల వయస్సులో ఒక తెలుగువాడు తన నివాసంలో దూరదర్శినిని నిలిపి నక్షత్రాలను కొలవడం ఆ కాలానికి సామాన్య విషయం కాదు.

1856లో జగ్గారావు మరణించిన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ దీక్షను చేపట్టారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం నుండి తప్పుకొని, శేష జీవితాన్ని ఆకాశానికే అంకితం చేశారు. 1868నాటి సూర్యగ్రహణాన్ని, 1874 డిసెంబరు 9న సూర్యబింబంపై శుక్రగ్రహం సాగిన అరుదైన దృశ్యాన్ని విశాఖ నుండి పరిశీలించి, తన ఫలితాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఆ సంస్థ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. 1868 ఆగస్టు 18నాటి ఆ గ్రహణాన్నే గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, గ్రహణం లేనప్పుడు కూడా సూర్యజ్వాలలను చూడగల మార్గాన్ని కనుగొన్నారు.

అదే కాలంలో, ఒడిశాలోని ఖండపడా సంస్థానంలో పఠాణి సామంతగా ప్రసిద్ధులైన సామంత చంద్రశేఖరులు (1835-1904) దూరదర్శిని లేకుండానే గ్రహగతులను గణించారు. వెదురు, కర్రలతో స్వయంగా చేసికొన్న పరికరాలే ఆయన సాధనాలు. ఆయన రచించిన 'సిద్ధాంత దర్పణం' 1899లో అచ్చయింది. నరసింగరావుకు విదేశీ యంత్రం ఉంది, సామంతకు వెదురుబద్ద ఉంది. ఇద్దరికీ సమానంగా ఉన్న సంపద ఒక్కటే, దీపాల మసక సోకని చీకటి రాత్రి. నరసింగరావు వేధశాల వెలసిన డాబాగార్డెన్స్ నేడు విశాఖ నగరంలో రద్దీ అయిన వ్యాపార కూడలి. అక్కడ నిలబడి ఈ రాత్రి పాలపుంతను వెదకడం వ్యర్థ ప్రయాసే.

హైదరాబాదు నుండి హాన్లే దాకా

1901లో నవాబ్ జాఫర్ జంగ్ అనే ప్రభువు హైదరాబాదు శివార్లలోని ఫిసల్‌బండ వద్ద వేధశాలకు శ్రీకారం చుట్టారు. 1907లో ఆయన గతించగా, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి, బేగంపేటకు తరలించింది. అదే నిజామియా వేధశాల. 1887లో పారిస్‌లో సంకల్పించిన సమస్త ఆకాశ ఛాయాచిత్ర పథకంలో ప్రపంచంలోని సుమారు ఇరవై వేధశాలలు పాల్గొన్నాయి. భారతదేశం నుండి ఆ గౌరవం దక్కినది నిజామియాకే. తన వంతుకు వచ్చిన ఆకాశ భాగంలో ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రాల స్థానాలను ఆ సంస్థ నమోదు చేసింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది.

బేగంపేట నాడు ఊరి వెలుపలి ప్రదేశం. క్రమంగా నగరం దాని చుట్టూ అల్లుకొంది. వీధిదీపాలు, వాహనాల వెలుగులు, ధూళి కలిసి మసక నక్షత్రాలను మింగివేశాయి. నక్షత్రశాస్త్రజ్ఞులు మరల మూటముల్లె సర్దుకొనక తప్పలేదు. నగరానికి యాభై కిలోమీటర్లకు పైబడిన దూరంలో జపాల్, రంగాపూర్ గ్రామాల నడుమ స్థలం చూచి, 1968లో 48 అంగుళాల దూరదర్శినిని అక్కడ ప్రతిష్ఠించారు. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఆ చోటు శాస్త్రజ్ఞులతో కళకళలాడింది. కాని నగరం అంతటితో ఆగలేదు. దాని కాంతి ఆ దిక్కున కూడా ఆకాశపు అంచును తెల్లబరచింది.

నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడే వేణు బాప్పు. హైదరాబాదులో పెరిగిన ఆ బాలుడు తరువాత దేశం గర్వించదగిన ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు. ఆయన పెద్ద దూరదర్శినికి నగరాలకు ఎడమైన తమిళనాడులోని జవ్వాది కొండలలో, కావలూరును ఎన్నుకొన్నారు. ఆయన 1982లో కన్నుమూశారు. ఆయన పేరిట 1986లో 93 అంగుళాల దూరదర్శిని అక్కడ జాతికి అంకితమైంది. ఆ పిమ్మట మన శాస్త్రజ్ఞులు ఇంకా దూరం వెళ్ళారు. లడఖ్‌లో సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేలో 2001 నుండి మరొక వేధశాల పనిచేస్తున్నది.

విశాఖ నడిబొడ్డు నుండి హిమాలయాల అంచు దాకా సాగిన ఈ ప్రస్థానం ఒక సత్యాన్ని చాటుతున్నది. చీకటి తరిగినపుడు వేధశాల తరలిపోగలదు. ఊరు తరలిపోలేదు. ఆ ఊరి బాలబాలికలు తమకు మిగిలిన ఆకాశంతోనే సరిపెట్టుకొనవలసి ఉంటుంది.

వెలుగుకు విరోధం కాదు

చీకటిని కాపాడుకొందామన్నపుడు, దీపాలు ఆర్పివేయమని కాబోలు అని కొందరు శంకించవచ్చు. హరికేన్ లాంతరు మసక వెలుగులో చదువుకొన్న తరాలకు విద్యుద్దీపం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. వీధిలో పాము కనబడాలి, ఆడపిల్ల నిర్భయంగా ఇల్లు చేరాలి. అందులో వాదమే లేదు. కాని ఆ పనికి వెలుగు కావలసినది నేలమీద. మూత లేని దీపం తన కాంతిలో కొంత భాగాన్ని ఆకాశానికి విసరివేస్తుంది. అది గాలిలోని అణువులను, ధూళిని, తేమను తాకి చెదరి, నక్షత్రాలకు అడ్డుగా తెల్లని తెర కడుతుంది. పగటి ఆకాశం నీలంగా కనిపించడానికి ఏది కారణమో, నీలిఛాయ గల తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు ఎక్కువ హాని చేయడానికి కూడా అదే కారణం. నీలికాంతి ఎర్రకాంతికంటె అధికంగా చెదరుతుంది. పైపెచ్చు, ఎదురుగా కళ్ళలో పడే తీవ్రమైన వెలుగు వల్ల పక్కన ఉన్న గుంత కూడా కనబడదు.

ఈ నష్టం నక్షత్రాలతో ముగియదు. మన రాష్ట్రంలోని ఋషికుల్య తీరాన గుడ్డు చీల్చుకొని బయటికి వచ్చిన తాబేలు పిల్లలు సహజంగా వెలుతురున్న సముద్రం వైపు నడవాలి. తీరాన దీపాలుంటే దారి తప్పి ఊరివైపు పోతాయి. అందుచేతనే అక్కడ ఆ ఋతువులో దీపాలను తగ్గించే యత్నం జరుగుతున్నది.

అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం తన వేధశాల కోసం 1958లోనే ఆకాశం వైపు వేసే శోధక దీపాలను నియంత్రించింది. 2016లో వెలువడిన ఒక ప్రపంచ పటం ప్రకారం మానవాళిలో మూడవ వంతు మందికి పాలపుంత కనిపించడం లేదు. మన దేశంలో 2022లో హాన్లే చుట్టూ ఉన్న వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు దీపాలకు మూతలు, కిటికీలకు తెరలు అమర్చుకొన్నారు. ఆ ఊళ్ళ యువతీయువకులే యాత్రికులకు నక్షత్రాలను చూపించి జీవనం సాగిస్తున్నారు. చీకటి వారికి దారిద్ర్య చిహ్నం కాదు, ఆస్తి.

మన పాఠశాల చేయగల పని

రామనగుడ వాసులకు ఆ ఆస్తి ఇంకా పూర్తిగా చేజారలేదు. కార్తీకం మొదలుకొని ఫాల్గుణం వరకు మబ్బులేని అమావాస్య రాత్రి, ఊరి దీపాలకు దూరంగా ఒక పొలంగట్టున నిలబడితే పాలపుంత కంటికి ఆనుతుంది. పల్లెపట్టున మన తాతలు పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు, ఒక వరుసలో నిలిచిన గొల్లకావడి చుక్కలు పిల్లలకు చూపించవచ్చు. రోహిణి, మృగశిర, ఆరుద్ర కార్తెలను బట్టి సేద్యం చేసిన రైతు బిడ్డలు ఆ నక్షత్రాలనే ఎరుగకపోవడం తగదు.

ఈ వజ్రోత్సవ వేళ మన పాఠశాల రెండు పనులకు పూనుకొనవచ్చునని సవినయంగా మనవి చేస్తున్నాను. మొదటిది, ఆవరణలోని దీపాలకు పైమూతలు అమర్చి, పసుపుఛాయ గల దీపాలనే ఎన్నుకొని, పని ముగిసిన పిమ్మట ఆర్పివేయడం. దీనికి పెద్ద ఖర్చు లేదు, పైగా విద్యుత్తు మిగులుతుంది. రెండవది, ఏటా మాఘ అమావాస్య రాత్రి పదవ తరగతి విద్యార్థులు ఒకే చోట నిలబడి, పిల్లలకోడిలో తమ కంటికి ఎన్ని చుక్కలు కనిపించాయో ఒక పుస్తకంలో వ్రాసి సంతకం చేయడం. సామాన్యంగా ఆరు కనిపిస్తాయి. 2006 నుండి ప్రపంచంలోని పలు దేశాల ప్రజలు ఇటువంటి లెక్కలనే సేకరిస్తున్నారు.

ఇరవై అయిదేండ్ల తరువాత శతజయంతి జరుపుకొనే విద్యార్థులు ఆ పుస్తకం తెరుస్తారు. మొదటి పుటలో ఆరు అని ఉంటే, చివరి పుటలో కూడా ఆరే ఉండాలి. ఆ అంకె తరగకుండా చూడడం ఇప్పుడు మన చేతిలో ఉంది.