ఊరి సొంత బీరు

పబ్బులో బీరు పంపు మీద అంటించిన చీటీలో ‘డోరిస్ తొంభయ్యో పుట్టినరోజు ఏల్’ అని ఉంది. ఎవరో వేళాకోళానికి అతికించారనుకున్నాను. కాదట, నిజంగానే అది ఆ బీరు పేరు; ఏల్ అంటే ఒక రకం బీరు. ఈ పబ్బు పేరు ఓల్డ్ క్రౌన్, ఊరు హెస్కెట్ న్యూమార్కెట్. ఇంగ్లండుకి ఉత్తరపు కొసన, నేనుంటున్న కార్లైల్‌కి దక్షిణంగా, కంబ్రియా కొండల కింద ఉన్న పల్లె. మిగతా బీర్లకి స్కిడ్డా, బ్లెంకాత్రా, హెల్వెల్లిన్ అంటూ చుట్టుపక్కల కొండల పేర్లు పెట్టుకున్నారు. ఇదొక్కటే ఒక పెద్దావిడ పేరు మోస్తోంది. మన జంషెడ్‌పూర్ కద్మాలో ఎవరైనా మామ్మ పేరు బీరుకి పెడితే ఆ ఇంట్లో వారం రోజులు పొయ్యి వెలగదు.

పేరు కంటే వింత దాని యాజమాన్యం. 1988లో పబ్బు వెనక ఉన్న పాత కొట్టంలో బ్రూవరీ మొదలైంది. పాత రాతి కొట్టంలో బీరు చెయ్యడం సరదాకి అయ్యే పని కాదు. బార్లీ మాల్టుని అరవై అయిదు డిగ్రీల దరిదాపుల్లో వేడినీళ్ళలో నానబెట్టాలి, వడకట్టిన తీపినీళ్ళని హాప్స్ వేసి మరగబెట్టాలి, చల్లార్చి ఈస్టు కలపాలి. అంటే రోజంతా ఆవిరి, నేలంతా నీళ్ళు. నేల వాలుగా లేకపోతే మడుగే. గోడలకి సిమెంటు పూస్తే చెమ్మ రాతిలోనే చిక్కుకుపోతుంది; అందుకే పాత కట్టడాలు బాగుచేసేవాళ్ళు ఇక్కడ ఇప్పటికీ సున్నమే వాడతారు. మందపాటి గోడల వల్ల లాభం కూడా ఉంది, లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. పీపాల్లో పోసే ఏల్‌కి ఆ చల్లదనమే కావాలి.

1999లో ఆ బ్రూవరీ చేతులు మారాల్సొచ్చినప్పుడు దాని బీరు తాగేవాళ్ళే సహకార సంఘం పెట్టుకుని కొనేశారు. 2003లో పబ్బు వంతు వచ్చింది. 125 మంది తలా 1,500 పౌండ్లు వేశారు. అప్పటి మన రూపాయల్లో లక్ష పైచిలుకు. ఈ దేశంలో సహకార సంఘం చేతిలోకి వచ్చిన మొట్టమొదటి పబ్బు ఇదేనంటారు. అప్పటి యువరాజు, ఇప్పటి రాజు చార్లెస్ కూడా వచ్చి చూసి వెళ్ళారు. ఫోన్లో అమ్మకి చెబితే, “చందాలేసుకుని బీరు కొట్టు పెట్టుకున్నారా?” అంది. చందా కాదమ్మా, వాటా అన్నాను. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. ఈ పద్ధతి 1844లో రోచ్‌డేల్‌లో నేతపనివాళ్ళూ మరికొందరూ కలిసి పెట్టుకున్న వెచ్చాల కొట్టు నాటిది.

కానీ ఇక్కడి పబ్బుల గురించి చదువుతుంటే నన్ను పట్టుకున్నది కార్లైల్ ముక్క. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడికి దగ్గర్లో గ్రెట్నా దగ్గర మైళ్ళ పొడవున మందుగుండు కర్మాగారం కట్టారు. కట్టడానికొచ్చిన కూలీలు సాయంత్రం రైలెక్కి కార్లైల్‌లో దిగి, దొరికినంతా తాగేవారు. ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? 1916లో ఊళ్ళో పబ్బుల్నీ బ్రూవరీల్నీ తనే తీసేసుకుంది. చాలా పబ్బులు మూయించింది. మిగిలినవాటిలో మేనేజర్లకి జీతాలిచ్చింది, బీరు ఎక్కువ అమ్మితే పైసా రాదు, భోజనం అమ్మితేనే కమీషన్. కొన్నాళ్ళు శనివారం విస్కీ లాంటివి బంద్. స్నేహితుడికి ఒక గ్లాసు ఇప్పించడం కూడా నేరమే ఆ యుద్ధకాలంలో! యుద్ధం అయిపోయినా సర్కారు పబ్బు వదల్లేదు, 1973 దాకా నడిపింది. ఆ సర్కారు బీరు తయారైన పాత బ్రూవరీ భవనంలో తర్వాత విద్యార్థులకి హాస్టలు పెట్టారు.

ఇదంతా చదువుతుంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇలా అన్నీ ఒకరి చేతిలోనే ఉండటం మనకి కొత్తా? కద్మాలో నీళ్ళు ఉక్కు కంపెనీవి, కరెంటు కంపెనీది, రోడ్డు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది. అన్నీ బాగానే ఉండేవి. కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళకోసం మా శ్రీకాకుళం చుట్టాలు ఈర్ష్యపడేవారు. తాతగారు కొలిమి దగ్గర పనికి వచ్చిన రోజు నుంచి నాన్నగారి రిటైర్మెంటు దాకా మేం ఉన్నది కంపెనీ క్వార్టరులోనే. పెరట్లో జామచెట్టు నాన్నగారు వేసింది, చెట్టు మాది, నేల కాదు. రిటైరైతే ఖాళీ చెయ్యాలి, అది అందరికీ తెలిసిన రూలు, తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ కార్లైల్ వాళ్ళ సంగతి చదివినప్పుడు వాళ్ళు బీరు గురించి ఏమనుకుని ఉంటారో నాకు ఇట్టే తెలిసిపోయింది: నాణ్యంగానే ఉంది, చవగ్గానే ఉంది, మనది మాత్రం కాదు. ఇలా ఒక బీరు గ్లాసుని మా క్వార్టరు దాకా లాక్కొచ్చానని తెలిసి మా ఆవిడ తల పట్టుకుంది.

అందుకే హెస్కెట్ పల్లెవాళ్ళంటే నాకు కొంచెం ఎక్కువ మోజు. కొంచెం అనుమానం కూడా. ఉన్నపళాన 1,500 పౌండ్లు తీయగలిగినవాళ్ళే కదా వాటాదారులయ్యేది. పక్క పొలంలో గొర్రెలు కాసేవాడు వాళ్ళలో ఒక్కడైనా ఉన్నాడో లేదో మరి. అయినా ఇక్కడ చట్టం కూడా ఊరివాళ్ళవైపే. 2011లో వచ్చిన స్థానికత చట్టం ప్రకారం, ఊరి వాళ్ళు ముందే జాబితాలో పెట్టించుకున్న పబ్బునో అంగడినో అమ్మకానికి పెడితే, డబ్బు కూడబెట్టుకోవడానికి ఆరునెలలు గడువు అడగొచ్చు. వాళ్ళకి అమ్మాలో వద్దో చివరికి యజమాని ఇష్టమే అనుకోండి.

కద్మాలో మా వీధికి అలాంటి ఆరునెలలు ఎవరైనా ఇచ్చుంటే ఏం చేసేవాళ్ళమో ఆలోచిస్తుంటాను. రిటైరయ్యాక ఎడమవైపు ఇంటివాళ్ళు ఊళ్ళోనే మాంగో అనే పేటలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఎదురింటి మాస్టారు ఆదిత్యపూర్ వెళ్ళారు. అప్పలనాయుడు మావయ్య విజయనగరం వెళ్ళిపోయి, ఇప్పటికీ ఫోను చేసి బిష్టుపూర్ రామమందిరంలో ఉత్సవం ఎలా జరిగిందని నన్ను అడుగుతాడు, నేను కార్లైల్‌లో ఉన్నానని మరిచిపోయి.