బంగారు చేపలు: పిల్లకూ పెద్దకూ వేరు తొట్టి ఎందుకు వచ్చింది?



చేపల చెరువు పెట్టినవారికి ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లను ఏకంగా పెద్ద చెరువులో ఎవరూ వదలరు. ముందు చిన్న గుంటలో పెంచి, వేలెడంత అయ్యాక వల వేసి, సైజు చూసి, అప్పుడు గదా పెద్ద చెరువులో వేస్తారు! బొచ్చెకైనా శీలావతికైనా ఇదే పద్ధతి. బంగారు చేప కూడా ఆ కుటుంబంలోదే. అయినా దాని దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి మరిచిపోతాం. వేలెడంతది ఒకటి, అరచెయ్యంతది ఒకటి ముచ్చటపడి కొని ఒకే గాజు తొట్టిలో వేస్తాం. కొన్నాళ్లకు చిన్నది చిక్కిపోతుంది. రోగమనుకొని మందు వేస్తాం. చాలాసార్లు అది రోగం కాదు, ఆకలి.

ఈ చేప పుట్టినిల్లు చైనా. అక్కడ తినడానికి పెంచే బూడిద రంగు చేపల్లో ఎప్పుడో ఒకటీ అరా ఎర్రనివి, పసుపుపచ్చనివి పుట్టేవి. అట్టివాటిని చంపక బౌద్ధులు పుణ్యం కోసం కొలనుల్లో విడిచేవారు. 1162లో సింహాసనం వదులుకొన్న గావోజోంగ్ చక్రవర్తి హాంగ్‌జౌలోని తన భవనంలో వీటిని కొలనులో ఉంచుకొన్నాడు. అప్పటికి మారింది రంగే, ఒడలు మారలేదు. కొలను విశాలం, చేప చురుకు. పిన్నా పెద్దా కలిసి ఉన్నా చిన్నదానికి తప్పుకొనే చోటుండేది.

16వ శతాబ్దంలో, మింగు రాజుల కాలంలో, చేప కొలను విడిచి మట్టి తొట్లలోకి వచ్చింది. అసలు మార్పు ఇక్కడే ఉన్నది. జంట తోకతో, పొట్టి ఒంటితో పుట్టిన పిల్ల కొలనులో అయితే మేత దొరక్క పోయేదే. తొట్టిలో మనిషి చూపు దానిమీద పడింది, అది బతికింది. జాంగ్ చియాన్‌దే అనే ఆయన 1596లో ఈ చేపల మీద ఒక పుస్తకమే రాశాడు. వేలకొద్దీ పిల్లలను కొని, పదుల తొట్లలో పంచి, రోజూ నాసివి ఏరివేస్తూ, చివరకు మేలైన కొద్దింటిని రెండు మూడు తొట్లలో చేర్చుకోవడం ఆయన చెప్పిన పద్ధతి. నారుమడిలో బెరుకులు ఏరేవారికి ఈ ఓపిక కొత్తది కాదు.

1502 ప్రాంతంలో బంగారు చేప జపాను చేరింది. 1724లో యానగిసావా వంశపు ప్రభువు యమాతో ప్రాంతంలోని కోరియామాకు మారి వచ్చినప్పుడు ఈ చేపలూ వెంట వచ్చాయని అక్కడివారు చెప్పుకొంటారు. 1868 తర్వాత జీతాలు పోయిన సైనిక కుటుంబాలకూ, రైతులకూ ఇదొక ఉపవృత్తి అయింది. పొలాలకు నీరిచ్చే చెరువులు అక్కడ ఎక్కువ. వాటిలో పుట్టే సన్నని నీటిపురుగే పిల్లకు మేత. వీపు రెక్క లేని రాంచూ అనే గుండ్రటి రకాన్ని జపానువారు పోటీలకు పెడతారు. ఆ పోటీల్లో ఈ ఏటి పిల్ల, రెండేళ్లది, అంతకు పైబడినది అని మూడు తరగతులు. ఏ ఏటి చేప ఆ ఏటి తొట్టిలోనే పెరుగుతుంది.

కారణం చేప ఒంట్లోనే ఉన్నది. దీని దవడకు పళ్లు లేవు, గొంతులో ఉన్నవి. కరవడం రాదు గాని, నోట పట్టినదాన్ని మింగుతుంది. అందుచేత చిట్టి పిల్లకు పెద్దది ప్రాణగండం. నోట పట్టని సైజుదైనా మేత దగ్గర వెనకబడుతుంది. పెద్దది వదిలే అమ్మోనియాతో తొట్టినీరు చెడితే, ఆ బాధ చిన్నదానికీ తప్పదు. గుడ్లు పెట్టే కాలంలో మగవి తరిమి తరిమి గుద్దుతాయి.

సైజు ఒక్కటే చూస్తే చాలదండి. ఒంటి తోక గల చురుకైన చేప చిన్నదే అయినా, కళ్లు పైకి తిరిగిన రకానికీ, కళ్ల కింద నీటిబుడగలు వేలాడే రకానికీ మేత మిగల్చదు. నా మట్టుకు నడకకే మొదటి స్థానం ఇస్తాను, కొలతకు రెండవది.

రెండో తొట్టి పెట్టే స్తోమత లేనివారు ఉన్న తొట్టికే నడుమ వల అడ్డం కట్టవచ్చు. వల అంచు చేప కళ్లకు గీరుకోకుండా మెత్తగా ఉండాలి. చిన్నవాటికి రోజుకు మూడు నాలుగుసార్లు, చిటికెడు చిటికెడుగా మేత వెయ్యండి. పెద్దవాటికి రెండుసార్లు చాలు. పొడవు ఇంచుమించు సమానమయ్యాక వల తీసి, మొదటి రోజుల్లో మేత వేసే వేళ దగ్గరుండి చూడండి. చిన్నది మూలకు పోయి నిలబడితే వల మళ్లీ కట్టండి.