ఆకాశవాణి మేలుకొలుపు వెనుక కథ

తంబురా శ్రుతి మీద వయొలిన్ సాగే ఆ చిన్న వాద్యగీతం వినని తెలుగువారు, కనీసం మా తరంలో, ఉండరు. ఆకాశవాణి పొద్దుటి ప్రసారం దానితోనే మొదలు. తర్వాత వందేమాతరం, మంగళవాద్యం, భక్తిరంజని. మా ఇంట్లో పాలగిన్నె పొయ్యెక్కేది కూడా దానితోనే! సాహిత్యం లేదు కాబట్టి ఏ భాషవారికీ పరాయిది కాలేదు. మన సంగీత విద్వాంసులెవరో కట్టి ఉంటారనుకునేవాళ్ళే ఎక్కువ.

కట్టింది వాల్టర్ కౌఫ్మన్ అనే యూదు సంగీతజ్ఞుడు. వేరే పేర్లు చెప్పేవారూ ఉన్నారు గానీ, ఎక్కువమంది ఒప్పుకునేది ఈయన పేరే. 1907లో కార్ల్స్‌బాద్‌లో పుట్టారు. నేటి చెక్ రిపబ్లిక్‌లో ఆ ఊరి పేరు కార్లోవీ వారీ. బెర్లిన్‌లో, ప్రాగ్‌లో చదువుకున్నారు. ఆయన మొదటి భార్య గెర్టీ ప్రఖ్యాత రచయిత ఫ్రాంజ్ కాఫ్కాకు స్వయానా మేనకోడలు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక యూదు కళాకారులకు జర్మనీలో బతుకుతెరువు పోయింది. 1934లో కౌఫ్మన్ బొంబాయిలో దిగారు. ఇండియానే ఎందుకంటే, వీసా సులువుగా దొరికింది కాబట్టి అన్నారట. ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామందిని ఈ దేశమే ఎందుకు వచ్చారని అడిగితే మనం చెప్పే జవాబూ అదే కదా!

మొదట మన సంగీతం రికార్డులు విన్నప్పుడు ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఇన్ని కోట్లమంది ప్రేమించే సంగీతంలో లోపం ఉండదు, లోపం తన చెవిలోనే ఉండాలి అనుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఈ మాటే. పరాయి దేశంలో ముప్ఫై ఏళ్ళున్నా ఇలా అనుకోలేనివాళ్ళం ఎంతమంది లేము!

రెండేళ్ళు తిరిగేసరికి, 1936లో, ఈ బాణీ పుట్టింది. 'ఆల్ ఇండియా రేడియో' అన్న పేరు వచ్చిందీ ఆ ఏడాదే. ఆధారం శివరంజని రాగం. సంగీతం రాని నాలాంటివారికి కీబోర్డు మీద తేలిగ్గా బోధపడుతుంది. మోహన రాగం వాయిస్తూ, గాంధారం మెట్టును మాత్రం ఒకటి ఎడమకు జరపండి, శివరంజని వచ్చేస్తుంది. ఆ ఒక్క మెట్టుతో మోహనలోని హుషారంతా దిగులుగా మారిపోతుంది. దాసరి నారాయణరావు గారి 1978 నాటి సినిమా తర్వాత ఈ రాగం పేరు తెలుగువారి నోళ్ళలో బాగా నానింది. హిందుస్తానీలో ఇది రాత్రిపూట రాగం. దాన్ని తెచ్చి తెల్లవారుజామున పెట్టారు. శాస్త్రం తెలిసినవారెవరైనా చేసేవారా అని నా అనుమానం.

వయొలిన్ వాయించింది మెహ్లీ మెహతా అంటారు, బొంబాయిలో కౌఫ్మన్ కచేరీల్లో సహచరుడు. ఆయన కొడుకు, తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన జుబిన్ మెహతా, పుట్టింది కూడా 1936లోనే.

1937 నుంచి 1946 దాకా కౌఫ్మన్ బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూశారు. 1938లో హిట్లర్ సేనలు కార్ల్స్‌బాద్‌ను జర్మనీలో కలిపేసుకున్నాయి. వెనక్కి వెళ్ళడానికి ఆయనకు ఊరు లేకుండా పోయింది. ఆ ఏడాదే మద్రాసు కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. నిజాం హయాంలోని డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి భక్తిరంజనికి తెలుగునాట చెవులు కోసుకునే నాటికి కౌఫ్మన్ ఇండియాలో లేరు.

లండన్ మీదుగా కెనడా చేరి, 1948 నుంచి దాదాపు పదేళ్ళు విన్నిపెగ్ సింఫనీని నడిపారు. 1957లో అమెరికా వచ్చి ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అప్పటికీ మన సంగీతం ఆయన్ని వదల్లేదు. ఉత్తర భారత రాగాల మీద 1968లో, దక్షిణ భారత రాగాల మీద 1976లో పెద్ద గ్రంథాలు వెలువరించారు. మెహ్లీ మెహతా కూడా 1964లో లాస్ ఏంజెలెస్ చేరి, 2002లో ఇక్కడే కన్నుమూశారు. బెజవాడను నిద్రలేపిన బాణీ కట్టినాయనా, వాయించినాయనా ఇద్దరూ చివరికి మన ఇరుగుపొరుగే అయ్యారన్నమాట.

కౌఫ్మన్ 1984లో బ్లూమింగ్టన్‌లో పోయారు. ఆయన కాగితాలు, స్వరరచనలు అక్కడి విశ్వవిద్యాలయ సంగీత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇండియానాపొలిస్ నుంచి కారులో గంట ప్రయాణం.