కోటా ఉంది, మరి పోస్టు ఏది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఏ ఊరైనా సరే, చేతిలో సదరం సర్టిఫికెట్ పెట్టుకుని గవర్నమెంట్ జాబ్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు నోటిఫికేషన్‌లో ముందు వెతికేది ఒక్కటే: ఈ పోస్టుకి మా కేటగిరీ ఉందా, లేదా? ఆ చిన్న కాలమ్ వెనక పెద్ద కథే ఉంది.

1977లో కేంద్రం దివ్యాంగులకి 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కానీ గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాల్లోనే. అంటే గుమాస్తా దాకా సరే, ఆఫీసర్ కుర్చీ దాకా రాకూడదు. 1995 చట్టం ఆ గీత చెరిపేసింది. చూపు, వినికిడి, కదలిక, ఒక్కోదానికి 1 శాతం ఇచ్చింది.

మరి ఎక్కడ ఆగింది? దివ్యాంగులు చేయగలిగే పోస్టుల్ని ప్రభుత్వం గుర్తించాలని కూడా అదే చట్టంలో ఉంది. దాన్ని ప్రభుత్వం ఇలా చదువుకుంది: లిస్టులో ఉన్న పోస్టుల్లోనే కోటా. లిస్టు లేదా, కోటా లేదు.

ఒక శాఖలో 100 ఖాళీలున్నాయి, అందులో 20 మాత్రమే లిస్టులో ఉన్నాయి అనుకోండి. 100లో 3 శాతం అంటే 3 ఉద్యోగాలు. 20లో 3 శాతం అంటే ఒక్కటి కూడా రాదు. కోడ్ రాసేవాళ్లకి తెలుసు, ఒక్క ఇఫ్ కండిషన్ తప్పు చోట పెడితే ఎర్రర్ ఏమీ రాదు, ఆన్సర్ మాత్రం తప్పొస్తుంది.

2006 సివిల్స్ రాసిన చూపులేని అభ్యర్థి రవి ప్రకాశ్ గుప్తా కోర్టుకెళ్లారు. పోస్టులు గుర్తించలేదన్న సాకుతో కోటా ఆపకూడదని 2010లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2013 అక్టోబర్ 8న, జాతీయ అంధుల సమాఖ్య కేసులో లెక్క కూడా సరిచేసింది: మొత్తం ఖాళీల మీద 3 శాతం. 2016 చట్టం దాన్ని 4 చేసింది. ఆటిజం, మానసిక అనారోగ్యం లాంటివీ అందులో చేరాయి.

జాబ్ వచ్చాక? ఆ మనిషికి తగ్గ సర్దుబాట్లు ఆఫీసే చేయాలని ఈ చట్టం చెప్తుంది. 2017లో రూల్స్ వచ్చాయి. అక్కడి నుంచి ఐదేళ్లలో పాత ప్రభుత్వ భవనాలు కూడా మారాలి. ఆ గడువు 2022లోనే అయిపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, ఇవి సలహాల్లా ఉన్నాయి, తప్పనిసరి రూల్స్ పెట్టండి అని కేంద్రానికి మూడు నెలలు టైమిచ్చింది.

అందుకే కేటగిరీ కనపడలేదని పీడీఎఫ్ మూసేయొద్దు. ఆర్టీఐ పెట్టి అడగండి: మొత్తం ఖాళీలెన్ని, అందులో మాకు లెక్కేసినవి ఎన్ని? ఈసారి మండల ఆఫీసుకి వెళ్తే మెట్ల పక్కన ర్యాంపు ఉందో లేదో కూడా చూడండి. ఇప్పుడది దయ కాదు, చట్టం.