తిమ్మమ్మ మర్రిమాను వయస్సు

కురిచేడునుండి గుంతకల్లు, ధర్మవరముల మీదుగా రైలులో కదిరి చేరి, అచటినుండి గూటిబయలు పోయినవారికి తిమ్మమ్మ మర్రిమాను మొదట ఒక తోపువలె కనబడును. అదంతయు ఒకే చెట్టు. దాని కొమ్మలు 19,107 చదరపు మీటర్లు, అనగా సుమారు 4.7 ఎకరములు, ఆవరించినవి. 1989లో ఇది గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

దీని వయస్సెంత? 1434లో తిమ్మమ్మ సహగమనము చేసినపుడు చితికి పాతిన గుంజ చిగిర్చి ఈ మఱ్ఱి అయినదని స్థానికులు చెప్పుదురు. ఇది చరిత్రకు చాలిన ఆధారము కాదు. అయినను, మఱ్ఱికొమ్మ పాతిన చిగిర్చునన్నది రైతు లెరిగిన సత్యమే.

టేకుమాను వయస్సును దాని వలయములు చెప్పును. మఱ్ఱికి ఆ సౌకర్యము లేదు. కొమ్మలనుండి దిగిన ఊడలు నేలనంటి క్రొత్త మానులగును. వానిలో ఒక్కొక్కదాని వయస్సు ఒక్కొక్కటి. మొదటి మాను నశించినను చెట్టు నశింపదు. కలకత్తా చెంత శివపూరు ఉద్యానమందలి మఱ్ఱికి బూజుతెగులు సోకగా, 1925లో మూలకాండమును తొలగించిరి. ఊడలమీద ఆ చెట్టు నేటికిని పెరుగుచునే యున్నది. మొదటి మానే లేనిచో వలయముల నెచట లెక్కింతుము?

ఊడ నేలను చేరినంతవరకే మఱ్ఱికి బలము. త్రొక్కుడుచే నేల గట్టిపడినను, లేత ఊడలను త్రుంచినను, పెరిగిన కొమ్మకు ఊతముండదు. మహబూబ్‌నగరు పిల్లలమఱ్ఱికి చెద పట్టగా, 2018లో సెలైను సీసాలతో మందెక్కించవలసి వచ్చెను.

ఉపాధ్యాయులు తమ యూరి మఱ్ఱి ఊడలను ఏటేట విద్యార్థులచే లెక్కింపించి, చుట్టుకొలతలను తేదీతో వ్రాయించవచ్చును. 1434లో అట్టి కొలత యొక్కటి వ్రాసిపెట్టియున్నచో నేడు మనకీ ప్రశ్నయే యుండెడిది కాదు.