మొక్కు కాని గుండు

"తిరుపతి ఎప్పుడెళ్ళొచ్చారు మేడమ్? ప్రసాదమేదీ?" కాలేజీ గేటు దగ్గర అటెండరు ఆప్యాయంగా అడిగాడు. తలకు చుట్టుకున్న నూలు స్కార్ఫు జారి గుండు బయటపడి ఉంది. "మొన్ననే" అనేశాను. అది అబద్ధం. రొమ్ము క్యాన్సర్‌కి మొదటి కీమో ఎక్కించి ఆ రోజుకి పంతొమ్మిది రోజులు.

రాజమండ్రిలో ఇరవయ్యేళ్ళుగా చరిత్ర పాఠం చెబుతున్నాను. ఆడమనిషి బోడితలకి మన ఊళ్ళు రెండే అర్థాలు చెప్పుకున్నాయి: మొక్కు, వైధవ్యం. ఆ ఉదయం నేను మొదటిదాని చాటున దాక్కున్నాను.

తిరుమల గుండు కథ అసలు మొదలైందే వెంట్రుకలు లేని చోటు నుంచి. స్వామి తలకి గొల్లవాడి దెబ్బ తగిలి, కొంత మేర జుట్టు రాకుండా పోయిందట. అది చూసి గంధర్వ కన్య నీలాదేవి తన కురులు కోసి ఇచ్చిందని, అందుకే అక్కడి ఒక కొండ నీలాద్రి అయిందని, ఆమె పేరే తలనీలాల్లో నిలిచిందని చెబుతారు. కల్యాణకట్టలో చాలామంది ముత్తయిదువలు మూడు కత్తెరలిచ్చి మొక్కు తీర్చుకుంటారు. పెద్ద గండం గడిస్తే పూర్తి గుండు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

రెండో అర్థం మా ఇంట్లోనే ఉంది. మా నాన్నగారి నాయనమ్మకి 1904లో భర్త పోయాడు. అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న ఇదే ఊళ్ళో మొదటి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నీళ్ళు తానే మోసి, పెళ్ళి వంట తానే వండింది. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళకి కూడా, అదే నది ఒడ్డున, మా తాతమ్మని పెరటి అరుగు మీద కూర్చోబెట్టి తల గొరిగించారు. ఒక్కసారితో పోలేదు. నెలనెలా, తెల్లవారకముందే, ఎవరి కంటా పడకుండా. ఎదురొస్తే అపశకునమన్నారు. ఇంటినిండా ఫొటోలున్నాయి, ఆవిడది ఒక్కటీ లేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కోపం ఆగదు.

నాకు ఎక్కించింది డోక్సోరుబిసిన్. కీమో వార్డులో అందరూ ఎర్రమందంటారు. వేగంగా చీలే కణాలమీద పడుతుందది. వెంట్రుకల కుదుళ్ళలో కణాలూ అలా చీలేవే కాబట్టి వాటికీ దెబ్బ తప్పదు. పదహారో రోజున నడుం దాటిన జడ దువ్వెనకి ఉండలు ఉండలుగా వచ్చేసింది. మా వీధి చివర సెలూన్ అతన్ని పిలిపించాను. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "అయ్యగారు చల్లగా ఉండగా నా చేత ఈ పని చేయించకండమ్మా."

అతని భయం ఎక్కడిదో నాకు తెలుసు. మా తాతమ్మ కాలంలో ఆ కత్తి పట్టుకోవాల్సివచ్చింది అతని తాతలకే. మందు సంగతి చెప్పాను, మళ్ళీ మొలుస్తుందన్నాను. మెషిన్ కళ్ళకద్దుకుని మొదలుపెట్టాడు. 1890లో బొంబాయిలో క్షురకులు సభ పెట్టి, వితంతువుల తలలు ఇక గొరగమని తీర్మానించుకున్న సంగతి అప్పుడే చెప్పాను. కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే వాళ్ళకి ముందు నిలిచాడని కూడా చెప్పాను. మెషిన్ ఆపేశాడు. "మావాళ్ళేనా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. డబ్బు తీసుకోలేదు.

విగ్గు కొన్నాను, పద్దెనిమిది వేలు. కొండమీద ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై, సముద్రాలు దాటి విగ్గులవుతాయి. నా నెత్తిమీదిది ఎవరి మొక్కో అనుకుని మొదటిరోజు దణ్ణం పెట్టుకున్నాను. మే నెల ఎండలో మాత్రం అరగంట కూడా భరించలేకపోయాను. చెమటకి కుట్లు గుచ్చుకునేవి. మా అమ్మమ్మ సవరం పెట్టెలోంచి తీశాను గానీ, సవరం కట్టుకోవడానికైనా పిడికెడు జుట్టుండాలి కదా. చివరికి నూలు స్కార్ఫే మిగిలింది.

మెడికల్ లీవు అయిపోయింది. మూడు వారాలకోసారి శుక్రవారం మందు, బుధవారానికల్లా క్లాసు. నోటిపూతతో మాట ముద్దగా వచ్చేది. నిలబడలేక కుర్చీ వేయించుకున్నాను.

జూన్ చివర్లో వీరేశలింగం పాఠం వచ్చింది. కరెంటు లేదు. శిరోముండనం దగ్గరికి వచ్చేసరికి ముందు బెంచీ అమ్మాయిలు నా తలవైపు చూసి, చూపు దించేసుకున్నారు. స్కార్ఫు విప్పి బల్లమీద పెట్టాను. "నాకు క్యాన్సర్. ఇది మందువల్ల. తిరుపతి వెళ్ళలేదు" అన్నాను. తలుపు దగ్గర నీళ్ళ కూజా పట్టుకుని అటెండరు నిలబడి వింటున్నాడు. లోపలికొచ్చి గ్లాసు నింపి పెట్టాడు. రెండు గుక్కలు తాగి, మా తాతమ్మ పేరు బోర్డు మీద రాసి, రాజ్యలక్ష్మమ్మ గోదావరికి బిందె పట్టుకెళ్ళిన చోట నుంచి పాఠం అందుకున్నాను.