అధ్యక్షపీఠం ఎవరిది? చైనాలో విదేశీ విశ్వవిద్యాలయాల నూరేళ్ల చరిత్ర

చైనాలోని నింగ్బో నగరంలో 2004లో బ్రిటన్‌కు చెందిన నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం తన శాఖను తెరిచింది. స్థానిక భాగస్వామి వాన్లీ విద్యాసంస్థ. ఆ తర్వాత 2006లో సుజౌలో షియాన్ జియావోతోంగ్-లివర్‌పూల్ విశ్వవిద్యాలయం మొదలైంది. 2013లో ఈస్ట్ చైనా నార్మల్ విశ్వవిద్యాలయంతో కలిసి న్యూయార్క్ విశ్వవిద్యాలయం షాంఘైలో తొలి విద్యార్థులను చేర్చుకుంది. 2014లో వూహాన్ విశ్వవిద్యాలయం భాగస్వామిగా డ్యూక్ కున్షాన్ తలుపులు తెరిచింది. ప్రపంచీకరణ తెచ్చిన కొత్త వ్యాపారంగానే వీటిని చూడటం మనకు అలవాటైంది. కానీ ఈ శాఖల నిర్మాణంలో 1920ల నాటి తగాదా ఒకటి దాగి ఉంది. పరాయి దేశపు విశ్వవిద్యాలయం మన గడ్డ మీద నడిస్తే దాని మీద పెత్తనం ఎవరిదన్నదే ఆ తగాదా. చైనా అందులో సగాన్ని మాత్రమే పరిష్కరించుకుందని నా వాదన.

తొలి విడత విదేశీ కళాశాలలు మిషనరీలవి. షాంఘైలో సెయింట్ జాన్స్ 1879లో, బీజింగ్‌లో యెంచింగ్ విశ్వవిద్యాలయం 1919లో పుట్టాయి. చదువు చెప్పేది చైనాలో, పాలకమండలి, నిధులు, పట్టాకు చట్టబద్ధత మాత్రం అమెరికాలో. యెంచింగ్ ధర్మకర్తలు న్యూయార్క్‌లో కూర్చునేవారు. ఈ ఏర్పాటులోని అన్యాయం 1925లో బట్టబయలైంది. ఆ ఏడాది మే 30న షాంఘై విదేశీ ప్రాంతంలో బ్రిటిష్ అధికారుల కింది పోలీసులు ప్రదర్శకుల మీద కాల్పులు జరిపారు. మృతులకు సంతాపంగా సెయింట్ జాన్స్ విద్యార్థులు చైనా జెండాను సగం ఎత్తున ఎగరేశారు. కళాశాల అధ్యక్షుడు పాట్ దానికి ఒప్పుకోలేదు. జూన్ 3న వందలాది విద్యార్థులు, వారితోపాటు కొందరు చైనీయ అధ్యాపకులు బయటికి నడిచి, ఆ ఏడాదే గ్వాంగ్‌హ్వా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. అప్పటికే సాగుతున్న విద్యాహక్కుల పునఃసాధన ఉద్యమానికి దీంతో ఊపు వచ్చింది. పాలకమండలిలో చైనీయులే ఎక్కువమంది ఉండాలని, మతబోధన తప్పనిసరి కాకూడదని ప్రభుత్వం 1925లోనే నిబంధన పెట్టింది. అధ్యక్షుడు చైనీయుడే కావాలని తర్వాతి నాన్జింగ్ ప్రభుత్వం పట్టుబట్టింది. యెంచింగ్ తలవంచి 1929లో వూ లెయ్‌చ్వాన్‌ను అధ్యక్షుణ్ణి చేసింది. సెయింట్ జాన్స్ 1947 దాకా చైనా ప్రభుత్వం వద్ద నమోదుకే ఒప్పుకోలేదు. 1952లో కమ్యూనిస్టు ప్రభుత్వం చేపట్టిన ఉన్నత విద్య పునర్వ్యవస్థీకరణలో ఆ కళాశాలలన్నీ రద్దయ్యాయి. యెంచింగ్ ప్రాంగణం పెకింగ్ విశ్వవిద్యాలయానికి చేరింది.

ఇప్పుడు 2003 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన చైనా-విదేశీ ఉమ్మడి విద్యాసంస్థల నిబంధనలను చదివితే, నాటి డిమాండ్లే చట్టం రూపంలో కనిపిస్తాయి. పాలకమండలిలో చైనీయులు సగానికి తగ్గకూడదు. సంస్థ అధిపతి చైనా పౌరుడై ఉండాలి. మతబోధనకు చోటు లేదు. చైనా విద్యార్థుల కోసం విదేశీ సంస్థ ఒంటరిగా విద్యాలయం పెట్టడానికి వీల్లేదు. నింగ్బో శాఖకు తొలి అధ్యక్షుడు భౌతికశాస్త్రవేత్త యాంగ్ ఫుజియా. ఆయన అంతకుముందు ఫుదాన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, 2001 నుంచి నాటింగ్‌హామ్ ఛాన్సలర్ కూడా. రెండు వైపులా గౌరవం ఉన్న చైనీయుణ్ణి పీఠం మీద కూర్చోబెట్టి, ఆ శాఖ పాత చిక్కును తెలివిగా దాటింది.

ఇందులో చరిత్ర ఏముంది, విదేశీ పెట్టుబడి వచ్చిన ప్రతిచోటా చైనా పెట్టే షరతే కదా అని ఎవరైనా అనవచ్చు. అభ్యంతరం బలమైనదే. 1979 నాటి ఉమ్మడి పరిశ్రమల చట్టం కూడా బోర్డు అధ్యక్షుణ్ణి చైనా పక్షమే నియమించాలంది. అయితే 1990లో ఆ షరతును సడలించి, అధ్యక్షుడెవరో ఇరుపక్షాలూ మాట్లాడుకుని తేల్చుకోవచ్చన్నారు. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు ఉమ్మడి విద్యాలయాల్లో విదేశీయుల వాటా సగానికి మించవచ్చని కూడా చైనా అంగీకరించింది. అంటే కర్మాగారంలో పీఠాన్ని వదులుకుంది, విద్యలో డబ్బు వాటానూ వదులుకుంది, విద్యాలయం పీఠాన్ని మాత్రం పట్టుకుని కూర్చుంది. లెక్క పెట్టుబడిదే అయితే ఈ తేడా ఉండేది కాదు. జెండా దించిన అధ్యక్షుడి జ్ఞాపకం ఉన్న సమాజానికే ఈ పట్టుదల వస్తుంది.

ఆ పీఠం అలంకారమేనన్నది రెండో అభ్యంతరం. నింగ్బోలో రోజువారీ విద్యాపాలనను బ్రిటన్ నుంచి వచ్చిన ప్రోవోస్టు చూస్తారు, పట్టా నాటింగ్‌హామ్‌దే. యెంచింగ్‌లోనూ వూ పేరుకు అధ్యక్షుడు, అసలు పగ్గాలు అమెరికన్ మిషనరీ లెయిటన్ స్టూవర్ట్ చేతిలోనే ఉండేవి. మామూలు రోజుల్లో ఈ మాట నిజమే. సంస్థ ఎవరిదో తేలేది తగవు వచ్చిన రోజున. 2018లో చైనా విద్యాశాఖ రెండు వందలకు పైగా ఉమ్మడి కోర్సులను, సంస్థలను ఒక్కసారిగా ముగిస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో చాలావరకు నాణ్యత లేనివే కావచ్చు. కానీ తెరిచే తాళం, మూసే తాళం ఎవరి చేతిలో ఉన్నాయో ఆ ప్రకటనతో అందరికీ తెలిసింది. పైగా కున్షాన్‌లో నేల ఇచ్చి భవనాలు కట్టించింది నగర ప్రభుత్వమే. కాబట్టి వచ్చినవారు అతిథులే, యజమానులు కారు.

పరిష్కారం కాని సగం ఇక్కడే మొదలవుతుంది. 1925 జూన్‌లో విద్యార్థులు అడిగినవి రెండు. తమ విద్యాలయం తమ దేశానికి జవాబుదారీగా ఉండాలన్నది ఒకటి. ప్రాంగణంలో తమ దుఃఖాన్ని, కోపాన్ని బాహాటంగా చెప్పుకొనే హక్కు రెండోది. చట్టం మొదటిది ఇచ్చింది. రెండోదాన్ని అనుమతిగా మార్చి కొలిచి ఇచ్చింది. 1986లో మొదలైన హాప్కిన్స్-నాన్జింగ్ కేంద్రంలో సెన్సారు లేని గ్రంథాలయం ఉంది. షాంఘై, కున్షాన్ ప్రాంగణాల్లో బయట మూసి ఉన్న ఇంటర్నెట్ తెరుచుకుంటుంది. ఇవి విలువైనవి, తేలిగ్గా కొట్టిపారేయదగినవి కావు. అయినా గేటు దాటితే ఆగిపోయే స్వేచ్ఛ ఎవరి దయ మీదో ఆధారపడిన స్వేచ్ఛే. అలాగని విదేశీ సంస్థలు వెళ్లిపోవడమే మేలన్న వాదనను ఒప్పుకోలేం. అవి వెళ్లిపోతే ఆ గ్రంథాలయమూ మూతపడుతుంది, నష్టపోయేది విద్యార్థే.

ఈ చరిత్ర మనకూ పనికొస్తుంది. 2023 నవంబరులో యూజీసీ తెచ్చిన నిబంధనల కింద ప్రపంచ ర్యాంకుల్లో తొలి 500లో ఉన్న విశ్వవిద్యాలయాలు స్థానిక భాగస్వామి లేకుండానే ఇక్కడ శాఖ పెట్టవచ్చు, ఫీజులు తామే నిర్ణయించుకోవచ్చు. 2025లో గురుగ్రామ్‌లో సౌతాంప్టన్ శాఖ మొదలైంది. మన చర్చంతా ర్యాంకుల చుట్టూ, ఫీజుల చుట్టూ తిరుగుతోంది. ఏదైనా తగవు వస్తే విద్యార్థి ఎవరి ముందు నిలబడి అడగాలన్న ప్రశ్న అంతగా వినపడటం లేదు. చైనా ఆ ప్రశ్నకు ప్రభుత్వం ముందు అని జవాబిచ్చింది. జవాబు అక్కడితో ఆగితే పీఠం మీద మనిషి మారతాడే తప్ప, పీఠం ముందున్న విద్యార్థి స్థితి మారదు. పాలకమండలిలో విద్యార్థులకు, అధ్యాపకులకు చోటు, వారి అభిప్రాయానికి చట్టరక్షణ ఉన్నప్పుడే పరాయి విశ్వవిద్యాలయమైనా మన విశ్వవిద్యాలయమైనా ఆ పేరుకు తగినదవుతుంది.